రంగు వేయకూడని చోటు

మా ఆయనకు రంగు తగలని చోటు కనబడితే అన్నం సహించదు. పెళ్లిచూపులకు వచ్చిన రోజున కూడా మా ఒంటిగది ఖోలీలో కూర్చుని తలుపు పైఅంచు వైపే చూస్తున్నాడు. పిల్లను చూడటానికి వచ్చినవాడు తలుపును చూస్తున్నాడేమిటని మా అమ్మ కంగారుపడింది. వెళ్లేటప్పుడు మా నాన్నతో, "మామా, తలుపు మీది అంచుకు రంగెయ్యలే. నీళ్లు దిగితే కట్టె పాడైతది," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు నేను కట్టుకున్న కొత్త చీర ఏ రంగుదో ఈ రోజుకీ ఆయనకు తెలియదు.

వాళ్ల తాత పాలమూరు నుంచి బొంబాయికి రాళ్లు మోయడానికి వచ్చాడు. మా మామయ్య గోడలకు సున్నం కొట్టాడు. మా ఆయన కాలానికి సున్నం పోయి డబ్బా రంగులు వచ్చాయి. ఒంటిగది ఖోలీలు అంతస్తులుగా పేర్చిన మా కామాటిపుర చాల్‌లో ఏ ఖోలీ తలుపు తట్టినా ఇలాంటి కథే ఉంటుంది. మగవాళ్లు ఇళ్లు కట్టడానికో, కట్టిన ఇళ్లకు రంగులు వేయడానికో పోతారు. మేం ఆడవాళ్లం గ్యాలరీలో వరుసగా కూర్చుని బీడీలు చుడుతూ నోటికి పని చెబుతాం.

మామయ్య ముఠాలో ఒక పద్ధతి ఉండేది. పని అయిపోయిన రోజున, నిచ్చెనలు కట్టేసే ముందు, ముఠాకు పెద్ద అయిన మామయ్య తన జేబులోంచి గుండ్రటి చిన్న అద్దం తీసేవాడు. దాన్ని కిటికీ గట్ల కింద, పైపుల వెనక, మెట్ల అడుగున పెట్టి చూసేవాడు. మనిషి కన్ను నేరుగా పోలేని చోట ఎక్కడైనా బోసిగా కనబడిందా, అది ఎవరి వాటాలోదో వాడు అందరికీ చాయ్ తాగించాలి. చాయ్‌దేముంది, ఆ తర్వాత నెల రోజులు ముఠా అంతా ఆడిపోసుకునేదే అసలు శిక్ష. మామయ్య పోయాక ఆ అద్దం మా ఆయన జేబులోకి వచ్చింది. దేవుడి పటం ముందు కూడా అంత భక్తిగా నిలబడడు గానీ, ఆ అద్దాన్ని మాత్రం రోజూ పంచె చెంగుతో తుడిచేవాడు.

మిల్లులు మూతపడ్డ ఏళ్లవి. నిన్నటిదాకా మగ్గం నడిపినవాడు కూడా కుంచె పట్టుకుని రోడ్డు మీద నిలబడుతున్నాడు. నమ్మకంగా పని దొరికేది ఒక్క జూలా మీదే, ఎందుకంటే దాని మీదికి ఎక్కేవాళ్లు తక్కువ. జూలా అంటే ఎత్తు మేడల పైకప్పు నుంచి తాళ్లతో వేలాడదీసే పలక. దాని మీద కూర్చుని, గాలికి ఊగుతూ, బయటి గోడలకు రంగు వేయాలి. మా వెనక చాల్ అతను ఒకడు అలాగే పొద్దున పోయి మళ్లీ ఇంటికి రాలేదు. ఆ ఇంటి ముందు నుంచి నడిచినప్పుడల్లా నేను తల తిప్పుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున మా ఆయన మూడో అంతస్తు గ్యాలరీలో పళ్లు తోముకుంటూ కిందికి వంగి, ఠక్కున కటకటాలను రెండు చేతులతో పట్టుకున్నాడు. మొహం పాలిపోయింది.

"ఏమయ్యా, కళ్లు తిరుగుతున్నయా?"

"పిత్తమే. ఊకో."

"ఎన్నొద్దుల సంది?"

మొహం తిప్పుకుని నోరు పుక్కిలించాడు. నాకు అర్థమైపోయింది. "గీ మూడో అంతస్తుల నిలబడలేనోడివి ఆ మలబార్ హిల్ మేడల మీద ఊగుతున్నవా? నా బొట్టు మీదికి తెస్తవా ఏంది?" అని గ్యాలరీ అంతా వినబడేలా అరిచాను.

"దిగితే తినేదేంది?" అన్నాడు మెల్లగా. ఆ పూట ఇద్దరం ఎడమొహం పెడమొహంగానే ఉన్నాం.

అలాంటి సమయంలో ఒక శేటు నుంచి కబురు వచ్చింది. భావూచా ధక్కా రేవు దగ్గర ఆయనకు మూడు మోటారు లాంచీలు ఉండేవి. దూరంగా లంగరు వేసిన ఓడలకు మనుషులను, సరుకును చేరవేస్తాయి. ముందటేడు మా ఆయన ఆ శేటు ఇంటి లోపల రంగులు వేసి, చివర్న అద్దం పట్టుకుని అల్మారా వెనకాల దూరడం చూసి ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడట. ఇప్పుడు పిలిచి, "నా లాంచీ అడుక్కి కూడా అలాగే అద్దం పెట్టి రంగు వెయ్యి. ఏడాది నిలిచిందంటే ఏటా మూడూ నీకే," అన్నాడు.

నేను ఆ మాట వినగానే లేచి నిలబడ్డాను. లాంచీ ఒడ్డున ఉంటుంది. పక్కన చిన్న నిచ్చెన వేసుకుని వేయాలి. పడినా మోకాలు దోక్కుపోతుంది, అంతే. ఏటా ఎండాకాలం మూడు లాంచీలు చేతిలో ఉంటే, మిగతా నెలలు ఇళ్ల లోపలి పని చూసుకున్నా మాకు గడిచిపోతుంది. జూలా ముఖం చూడక్కర్లేదు. పోచమ్మకు మొక్కుకున్నాను. ఈ ఒక్క పని నిలబెట్టు తల్లీ, ఈయన్ని నేల మీద ఉంచు అని.

అయితే మా ఆయనకు గోడల గురించి తెలిసినంత సముద్రం గురించి తెలియదు. ఫాక్‌లాండ్ రోడ్డు మీది రంగుల దుకాణంలో అడిగితే, అక్కడివాడు ఏ డబ్బా చూపించినా 'ఏక్ నంబర్' అన్నాడు. "అన్నీ ఒకటో నంబరైతే రెండోది ఎవడు అమ్ముతున్నడు?" అని గొణుక్కుంటూ ఇంటికి వచ్చి, తనే పరీక్ష పెట్టుకున్నాడు.

సముద్రం ఒడ్డున దారూఖానా అనే పేటలో లాంచీలు బాగుచేసే చోటు నుంచి పాత ఇనప రేకు తెచ్చి ముక్కలు చేశాడు. ఒక ముక్కకు ఉత్త ఎనామెల్ పూశాడు. ఇంకోదానికి కింద రెడ్ ఆక్సైడ్, పైన ఎనామెల్. మరోదానికి సింధూరం రంగు పూసి దాని మీద ఎనామెల్. ఇంకో ముక్కకు రెండు డబ్బాలు కలిపి పూసే నల్ల తారు రంగు. అన్నీ బాగా ఆరాక ఒక్కో ముక్క మీద మేకుతో ఇనుము కనబడేదాకా అడ్డంగా నిలువుగా గీతలు గీశాడు. కష్టపడి పూసి మళ్లీ గీకడమేమిటి, మతి పోయిందా అన్నాను. "దెబ్బ తగలని రంగు ఏదైనా నిలుస్తది. దెబ్బ తగిలినంక లోపల ఎంత దూరం తుప్పు పాకుతదో చూడాలె," అన్నాడు. కిరోసిన్ డబ్బాలో సముద్రపు నీళ్లు తెచ్చి గ్యాలరీలో పెట్టి, ముక్కలకు దారాలు కట్టి వేలాడదీశాడు. పొద్దున ముంచడం, మధ్యాహ్నం ఎండలో పెట్టడం, మళ్లీ ముంచడం. ఎవరికి పని? నాకే.

ఆ నీళ్ల కంపుకు ఎదురు ఖోలీ పెద్దమ్మ ముక్కు మూసుకుని వచ్చింది. "ఏందే పిల్లా, మీ ఆయన చేపలు పెంచుతుండా, రేకులు పెంచుతుండా?"

"రేకులే పెద్దమ్మా. పులుసు పెడితే నీకో గిన్నె పంపిస్తలే," అన్నాను. నవ్వుకుంటూ పోయింది గానీ రోజూ వచ్చి ఏ ముక్క ఎలా ఉందో చూసి పోయేది.

నా మనసంతా నీలం ఎనామెల్ ముక్క మీదే. తళతళలాడేది. ముందుగా బొబ్బలెక్కింది అదే. రెడ్ ఆక్సైడ్ ముక్క పైకి బాగానే ఉంది గానీ, గోటితో మీటితే గీత పక్కన రంగు పొరగా లేచి వచ్చింది, కింద అంతా తుప్పు. సింధూరం పూసినదానికి తుప్పు గీత దాటి పోలేదు. "ఆంజనేయసామికి ఊకె పూస్తరా? ఎన్నేండ్లాయె, ఎన్నడన్నా తుప్పు పట్టిండా?" అని మా ఆయన నన్ను ఉడికించాడు. నల్ల తారు రంగు మాత్రం గీత దగ్గర కూడా రాయిలా పట్టుకుని ఉంది.

అలా తేలింది లెక్క. నీళ్లలో మునిగే భాగానికి తుప్పంతా గీకేసి మెరిసే ఇనుము మీద తారు రంగు, దాని పైన గుల్లలు, నాచు పట్టకుండా రాగి కలిసిన ఎర్ర రంగు. నీటి పైభాగానికి, కటకటాలకు, తాళ్లు కట్టే ఇనప గుంజలకు సింధూరం వేసి పైన ఎనామెల్. దారూఖానాలో ఎవరో చెప్పగా ఇంకొకటి కూడా తెలుసుకుని వచ్చాడు. రాగి రంగు నేరుగా ఇనుముకు తగిలితే సముద్రపు నీళ్లలో ఆ రాగి ఇనుమును తినేస్తుందట. మధ్యలో తారు పొర ఎక్కడా చిల్లు లేకుండా ఉండాలి. లోహం లోహాన్ని తింటుందన్న మాట నేను వినడం అదే మొదలు. ఆ మాటకు ఇంకో సగం ఉందని మాకు అప్పటికి తెలియదు.

పని చివరి రోజున అన్నం డబ్బా పట్టుకుని నేను దారూఖానాకు వెళ్లాను. లాంచీని దుంగల మీద నిలబెట్టారు. గోడలకు రంగులు వేసే మా ఆయన దాన్ని పెళ్లికొడుకును చేసినట్టు చేశాడు. అడుగున ఎరుపు, పైన తెలుపు, అంచున నీలం గీత. ఆ నీలం నా కోసమే వేశానన్నాడు. నమ్మలేదు గానీ సంతోషించాను. తర్వాత వెల్లకిలా పడుకుని అద్దం తీసుకుని లాంచీ వెనక భాగం కిందికి జరిగాడు. చుక్కాని పక్కన, నీళ్లలో లాంచీని నెట్టే ఫ్యాను వెనకాల, బోల్టులతో బిగించిన బూడిదరంగు పలకలు రెండు అద్దంలో కనబడ్డాయి. వాటికి ఒక్క చుక్క రంగు లేదు.

"చూసినవా! కొత్తగ తెచ్చి బిగించిన్రు, రంగు మరిచిన్రు," అన్నాడు. దొంగను పట్టుకున్నంత గొప్పగా నవ్వాడు. ఇక చూడండి, ఆ పలకలకు చేసిన సేవ. అంచులకు, బోల్టుల సందులకు సన్న కుంచెతో తారు, ఆరాక ఎర్ర రంగు. లాంచీ మొత్తంలో అంత శ్రద్ధగా పూసిన చోటు ఇంకోటి లేదు. కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దించిన రోజున శేటు మురిసిపోయి రెండో లాంచీ అప్పగించాడు. మా ఆయన జూలా తాడు చుట్టి మంచం కిందికి తోశాడు. నేను పోచమ్మకు మొక్కు చెల్లించాను. ఆ పదిహేను ఇరవై రోజులూ నేను బతికినంత హాయిగా ఎవరూ బతికి ఉండరు.

రెండో లాంచీ దగ్గర ఇంజను మిస్త్రీ ఒకడు ఉండేవాడు. మా ఆయన అలాంటి బూడిదరంగు పలక మీదికి కుంచె ఎత్తగానే వాడు పైనుంచి కేక పెట్టాడు. అది జింకు పలక. సముద్రపు నీళ్లు లోహాలను తింటాయి కదా, ముందుగా దాన్ని తినాలని అక్కడ పెడతారు. అది అరిగిపోతున్నంత కాలం చుక్కాని, ఫ్యాను, అడుగు ఇనుము క్షేమంగా ఉంటాయి. దానికి రంగు పూస్తే నీళ్లకు అది అందదు. అప్పుడు ఆ నీళ్లు చుక్కాని, ఫ్యానుల జోలికి పోతాయి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని ముద్ద కలిపి అలాగే ఉండిపోయాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు. మొదటి లాంచీ అప్పటికే నీళ్లలో తిరుగుతోంది. దాని జింకు పలకలకు మా ఆయన చేతి రంగు గట్టిగా అంటుకుని ఉంది. ఆ సంగతి మిస్త్రీకి తెలియదు, శేటుకు తెలియదు. మా ఇద్దరికే తెలుసు.

"శేటుకు చెప్తవా?" అన్నాను.

"చెప్పకుంటే ఎట్ల?"

"చెప్తే పొమ్మంటడు. మళ్ల జూలా ఎక్కాలె. ఏడాది తర్వాత చుక్కానికి గుంటలు పడితే సముద్రం తిన్నదనుకుంటరు. నోరు మూసుకుని ఉండు."

"నడి దర్యాల చుక్కాని ఇరిగితే? లాంచీల ఎక్కేటోళ్లకు పెండ్లాం పిల్లలు లేరా?"

"నేను పెండ్లాన్ని కాదా? నువ్వు పడితే?" అంటూ కోపంతో బీడీ ఆకుల చాట ఎత్తి విసిరేశాను. ఆకులన్నీ ఖోలీ నిండా చెదిరిపోయాయి. నేను అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడను. నాకు కావలసింది నా మనిషి. లోకంలో చుక్కానులన్నీ విరిగినా నాకేం?

ఆయన లేచి ఒక్కో ఆకూ ఏరడం మొదలుపెట్టాడు. కాసేపటికి నేనూ కూర్చుని ఏరాను. చివరికి ఒక మాట అన్నాడు. "ఆ పలకలు అద్దంల కనవడ్డది నాకే గదనే. ఇప్పుడు కనవడనట్టు ఎట్లుండాలె?" నాకు ఏడుపొచ్చింది. ఇక వద్దనలేదు.

మర్నాడు పోయి చెప్పాడు. శేటు మండిపడ్డాడు. నా లాంచీ అంటే నీకు గోడలా కనబడిందా అన్నాడు. రెండో లాంచీ పని అక్కడికక్కడే వేరేవాళ్లకు ఇచ్చేశాడు. అమావాస్య నాడు సముద్రం బాగా వెనక్కు పోతుంది, అప్పుడు లాంచీని బురదలో కూర్చోబెడతాం, వచ్చి నీ రంగు నువ్వే గీకి పో, తర్వాత మొహం చూపించకు అన్నాడు.

అమావాస్య నాడు తోడు రావడానికి ముఠాలో ఎవరూ ముందుకు రాలేదు. శేటు వెళ్లగొట్టినవాడి వెంట పోతే తమకూ పని పోతుందని భయం. నేను చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని బయల్దేరాను. దారూఖానా బురదలో చీలమండల దాకా దిగబడ్డాం. ఒడ్డున గొడుగు కింద శేటు, ఆయన పక్కన మిస్త్రీ. మా ఆయన చుక్కాని పక్కన కూలబడి గీకడం మొదలుపెట్టాడు. అంత శ్రద్ధగా పూసిన రంగు అంత తేలిగ్గా వస్తుందా? పలక ముందు వైపు మెరిసేదాకా వచ్చేసరికే చేతులు పుళ్లు పడ్డాయి. వెనక వైపు, బోల్టు సందులు కంటికి కనబడవు. అద్దం నా చేతికి ఇచ్చాడు.

నేను అద్దం పట్టుకున్నాను. ఎక్కడా రంగు మిగలకూడదని ఆ అద్దంలో వెతకడం అదే మొదటిసారి. ఈలోగా నీళ్లు తిరిగి రావడం మొదలైంది. పాదాలు దాటి పిక్కల దాకా వచ్చాయి. నాకు నీళ్లంటే చచ్చేంత భయం.

"ఇగ చాలు, నడువయ్యా!"

"ఇంకో జెర్ర."

"నీ జెర్ర పాడుగాను! నీళ్లొస్తున్నయ్!" అన్నాను. అని పోదామని అద్దం తీయబోతూ మళ్లీ ఒకసారి చూశాను. బోల్టు పక్కన, కింది అంచున, గోరంత ఎర్ర మరక. నా ఖర్మ, అది చూశాక కాలు కదల్లేదు. "అగో, ఆ బోల్టు కింద. ఎడమకు. ఇంక ఎడమకు," అంటున్నాను. నీళ్లు కూర్చున్న మా నడుముల దాకా వచ్చేసరికి ఆ మరక పోయింది. ఆయన నా చెయ్యి పట్టుకుని లాగితేనే ఒడ్డుకు వచ్చాను. శేటు మమ్మల్ని ఒకసారి చూసి, గొడుగు ముడిచి వెళ్లిపోయాడు.

వానలు వెళ్లాక మంచం కింది తాడు బయటికి వచ్చింది. ఆ నెలలన్నీ ఎలా గడిచాయో నాకే తెలుసు. పొద్దున ఆయన గడప దాటింది మొదలు సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడేదాకా నా చేతిలో బీడీ కుదురుగా చుట్టుకునేది కాదు. ఎదురు ఖోలీ పెద్దమ్మ నా వంకర బీడీలు విప్పి మళ్లీ చుట్టి నా చాటలోనే వేసేది.

ఎండాకాలం వచ్చింది. ఒకరోజు మా ఆయన మలబార్ హిల్ పనికి వెళ్లబోతుంటే మిస్త్రీ మా చాల్ మెట్లెక్కి వచ్చాడు. లాంచీలు ఒడ్డుకు ఎక్కించారు, శేటు రమ్మంటున్నాడని చెప్పాడు. మా ఆయన తాడును మళ్లీ మంచం కిందికి తోసి వాడి వెంట పోయాడు. నేను ఇంకేదైనా పాడైందేమోనని మెట్ల వైపే చూస్తూ కూర్చున్నాను.

తిరిగి వచ్చి రుమాలు విప్పి నా అరచేతిలో ఒక ముక్క పెట్టాడు. పాత జింకు పలక. వాడి వాడి పారేసే సబ్బు బిళ్లలా అరిగిపోయి, ఒళ్లంతా గుంటలు పడి ఉంది. దాని పక్కనే ఉన్న చుక్కానికి, ఫ్యానుకు ఒక్క గుంట కూడా పడలేదట. అడుగున తారు రంగు కూడా ఎక్కడా లేవలేదట. వేరేవాళ్లు చేసిన లాంచీ మాత్రం అప్పుడే బొబ్బలెక్కిందట. "చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు కదా," అన్నాడట శేటు. మూడు లాంచీలూ మా ఆయనవే. ప్రతి ఏడాదీ.

నేను ఆ ముక్కను పట్టుకుని బోరున ఏడ్చాను. తినబడటానికని పెట్టిన ముక్క అది. నా మనిషిని నాకు మిగిల్చింది. పోచమ్మ పటం పక్కన పెట్టి పసుపు, కుంకుమ అద్దాను.

మర్నాడు పొద్దున మా ఆయన మంచం కింద వెతుకుతున్నాడు. "నా తాడేది?"

"ఎందుకు?"

"ఆ మలబార్ హిల్ మేడ పడమటి గోడ సగంల ఉన్నదే. బోసిగ వదిలేస్తే ఎట్ల? అది ముగించుకొని వచ్చి లాంచీ పట్టుకుంట."

నేను గ్యాలరీలోకి చెయ్యి చూపించాను. తాడు ఈ చివర నుంచి ఆ చివరకు కట్టేసి ఉంది. దాని మీద ఉతికిన బట్టలు ఆరేశాను. ఆయన రంగు మరకల చొక్కా మధ్యలో గాలికి ఊగుతోంది.

"ఉండనీ, వేరేటోడు ఏస్తడు. రంగెయ్యగూడని చోటు కూడ ఒకటుంటదని నేర్చుకుంటివి గద. నీకు ఆ గోడే గా చోటు," అన్నాను. "అగో, నీ అంగి ఊగుతున్నది. నువ్వు ఊగింది చాలు."

ఊగుతున్న చొక్కాను చేత్తో ఒకసారి ఆపాడు. ఆ తర్వాత చెప్పులేసుకుని కిందికి దిగాడు. నేను భయపడ్డాను, ఇంకో తాడు తేవడానికి పోయాడేమోనని. కాసేపటికి చాయ్ దుకాణం కెటిల్ ఒక చేత్తో, గ్లాసులు ఇంకో చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. గ్యాలరీలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తనే పోసి ఇచ్చాడు.

"ఏందిరో, ఇయ్యాల ఏం పండుగ?" అంది ఎదురు ఖోలీ పెద్దమ్మ గ్లాసు అందుకుంటూ.

"పండుగేం లేదు పెద్దమ్మా," అన్నాడు మా ఆయన. "ఒక గోడ బోసిగ వదిలేసిన."